షో చూడ్డానికి వెళ్లే బొమ్మలవాళ్లకి: ఓపెనింగ్ నుంచి ఆఖరి రోజు దాకా

మొట్టమొదటిసారి ఒక చిత్రప్రదర్శన ఓపెనింగ్‌కి, అంటే షో మొదలయ్యే సాయంత్రానికి, వెళ్లిన రోజున నా ఫోన్లో నేను వేసిన బొమ్మల ఫొటోలు నలభై రెండు ఉన్నాయి. ముందు రోజు రాత్రి కూర్చుని వరస పెట్టి సర్దుకున్నాను. ఆ సాయంత్రం గోడల మీద ఎవరి బొమ్మలున్నాయో, ఎలా ఉన్నాయో ఇప్పుడడిగితే ఒక్కటి కూడా చెప్పలేను. గ్యాలరీ నడిపే ఆవిడ ఎవరో కొనేవాళ్లతో మాట్లాడుతుంటే మధ్యలో దూరి, "మేడం, ఒక్క నిమిషం" అని ఫోను ఆవిడ ముఖం ముందు పెట్టాను. ఆవిడ మూడు బొమ్మలు చూసి, "బావున్నాయండీ, మెయిల్ చెయ్యండి" అన్నారు. ఏ అడ్రస్‌కో మాత్రం చెప్పలేదు.

తప్పు ఆవిడది కాదు. పెళ్లికొచ్చి, తాళి కట్టే టైముకి పెళ్లికూతురి తండ్రితో అప్పు సంగతి మాట్లాడినట్టుంది నా పని.

నేను బళ్లో డ్రాయింగ్ సార్‌ని. ఉప్పల్లో ఉంటాను. సాయంత్రం బడి అయ్యాక మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా మాదాపూర్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఆటో. ఇలా షోలకి తిరగబట్టి పదకొండేళ్లయింది. కొత్తగా బొమ్మలు వేస్తున్న పిల్లలు "సార్, షోలకి వెళ్లాలంటారు గానీ, వెళ్లి ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఒక షోని ఒకసారి చూస్తే చూసినట్టు కాదు. ఓపెనింగ్ సాయంత్రం మనుషుల కోసం. బొమ్మల కోసం మరో రోజు వెళ్లాలి. వీలైతే ఆఖరి రోజు కూడా, ఎందుకో చివర్లో చెప్తాను.

1. ఏ షోకి వెళ్లాలో తేల్చుకోవడం

అన్నిటికీ వెళ్లక్కర్లేదు, వెళ్లలేం కూడా. చలికాలంలో ఒకే సాయంత్రం రెండు ఓపెనింగులు పడే రోజులుంటాయి. హైదరాబాదు వరకూ చెప్పాలంటే చోటుని బట్టి షో తీరు మారుతుంది. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి లాంటి ప్రైవేటు గ్యాలరీల్లో షో వెనక గ్యాలరీ ఎంపిక ఉంటుంది: ఎవర్ని పెట్టాలి, ఏ బొమ్మ పక్కన ఏది రావాలి అని ఎవరో కూర్చుని ఆలోచించి ఉంటారు. మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో చిత్రకారులే హాలు అద్దెకు తీసుకుని పెట్టుకునే షోలు చాలా ఉంటాయి. అక్కడ ఒకే రోజు వేర్వేరు హాళ్లలో రెండు మూడు నడుస్తుంటాయి కాబట్టి ఆటో డబ్బులకు న్యాయం జరుగుతుంది. అక్కడ చూసే షోలో మంచిచెడ్డలన్నీ ఆ చిత్రకారుడివే, బొమ్మలు గోడల మీద సర్దిన తీరుతో సహా.

నన్నడిగితే ముందు విద్యార్థుల డిస్‌ప్లేలతో మొదలుపెట్టమంటాను. మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. గచ్చిబౌలి వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. కోర్సు చివర్లో పిల్లలు పెట్టే డిస్‌ప్లేలో అమ్మకం గొడవ ఉండదు, సూటు వేసుకున్నవాళ్లు ఉండరు. ఎవర్ని ఏమడిగినా వివరంగా చెప్తారు, కొన్నిసార్లు మనం ఆపమనేంత వివరంగా.

బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం ఉంది, అక్కడ టీ తాగుతూ గోడల మీదున్నవి చూడొచ్చు. ఓపెనింగ్ అంటే బెరుకున్నవాళ్లకి అది మంచి చోటు. 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌ని కూడా వదలొద్దు. "మనం బొమ్మలవాళ్లం, ఫొటోలతో మనకేం పని" అనుకునేవాణ్ణి. ఒకే సైజు ఫొటోలు పన్నెండు వరసగా పెడితే కన్ను ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ జారిపోతుందన్నది నాకు అక్కడే తెలిసింది.

మీ ఊళ్లో ఓపెనింగులే లేవా? చూడటం ప్రాక్టీసు చెయ్యడానికి ఓపెనింగే కావాలని ఏం లేదు. రాజమండ్రి చుట్టుపక్కల ఉన్నవాళ్లకి దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిది నిండకుండానే మశూచితో పోయిన చిత్రకారుడు ఆయన. ఆ వయసుకి ఎంత పని చేశాడో చూస్తే, టైము లేదని సాకులు చెప్పే నాలాంటివాడికి కాస్త సిగ్గేస్తుంది.

2. బయల్దేరే ముందు అరగంట

ఆ చిత్రకారుడి పాత బొమ్మలు ఓ పది చూసి వెళ్లండి. ఇప్పటివి కాదు, మూడు నాలుగేళ్ల కిందటివి. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో అదే మీరు అడగాల్సిన ప్రశ్న. వేరే ప్రశ్న తయారుచేసుకోనక్కర్లేదు.

సంచిలో చిన్న నోట్‌బుక్, పెన్సిలు. పెన్ను వద్దు, రద్దీలో ఎవరి మోచేయో తగిలితే గీత పడేది తెల్ల గోడ మీదో కాన్వాసు మీదో. వీపున పెద్ద బ్యాగు కూడా వద్దు. పక్కకి తిరిగినప్పుడు మన వెనక ఎంత చోటు పడుతుందో మనకి తెలియదు. ఓ కుర్రాడి బ్యాగు తగిలి స్టాండు మీదున్న టెర్రకోట బొమ్మ ఊగడం చూశాను. పడలేదు గానీ, అందరికీ గుండె జారిపోయింది.

బట్టలంటారా, ఉతికినవి చాలు. కొందరు కావాలనే రంగు మరకల చొక్కా వేసుకొస్తారు. ఏడో ఓపెనింగ్‌లో కూడా అదే చొక్కా, అవే మరకలు కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. ఇంట్లో ఏదైనా తిని బయల్దేరండి. అక్కడ సమోసా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆకలి మీదున్నవాడికి బొమ్మ కనపడదు.

3. అందరికంటే ముందు చేరుకోవడం

కార్డు మీద ఆరున్నర అని ఉంటే జ్యోతి వెలిగించేసరికి ఏడుంపావు అవుతుంది. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉంటారు. అందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి అందరూ ఏడింటికి వస్తారు. మీరు ఆరుంపావుకే వెళ్లండి. హాలు ఖాళీగా ఉంటుంది. ఎవరో నిచ్చెనెక్కి లైటు తిప్పుతుంటారు, ఇంకెవరో లేబుళ్లు అంటిస్తుంటారు. ఆ ముప్పావుగంటలో చూసినంతే ఆ రోజుకి చూసేది. ఆ తర్వాత కనిపించేవి వీపులే.

ఆ టైములో చిత్రకారుడు కంగారుగా అటూ ఇటూ తిరుగుతుంటాడు. పలకరించి తప్పుకోండి. "ఈ నీలం ఎలా తెచ్చారన్నా?" అని అడిగే సమయం కాదది.

మొదటి చుట్టు లేబుళ్లు చదవకుండా తిరగండి. నడక ఆపకుండా, ఐదు నిమిషాల్లో. బయటికొచ్చి కళ్లు మూసుకుంటే ఏ రెండు బొమ్మలు గుర్తున్నాయో చూసుకోండి. రెండో చుట్టులో నేరుగా వాటి దగ్గరికే వెళ్లి, ఎందుకు గుర్తున్నాయో వెతకండి. బొమ్మ ఎత్తుకి రెండింతల దూరంలో ఓసారి, చేతికి అందేంత దగ్గర్లో ఇంకోసారి నిలబడండి (చేతులు మాత్రం వెనక కట్టుకోండి). దూరం నుంచి కట్టుబడి, అంటే బొమ్మలో ఏది ఎక్కడ కూర్చుందో, కనిపిస్తుంది. దగ్గర్నుంచి వేసినవాడి చెయ్యి కనిపిస్తుంది.

తోట వైకుంఠం గారి బొమ్మనే తీసుకోండి. క్యాలెండర్లలో, అచ్చుల్లో చూసీచూసీ మనకి అందులో పెద్ద బొట్టు, ఎర్రచీర తప్ప ఇంకేం కనపడకుండా పోయింది. అసలు బొమ్మ ముందు నిలబడితే ముందు కనపడేది గీత. ముక్కు నుంచి గడ్డం దాకా ఎక్కడా తడబడకుండా దిగుతుంది. రంగు దాని తర్వాతే. లక్ష్మాగౌడ్ గారి ఎచింగులకైతే ఇంకా దగ్గరికి వెళ్లాలి. లోహపు రేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా నింపి ప్రెస్సు కింద నడిపిన గీత అంటే ఏమిటో ఫోన్ తెరమీద ఎంత పెద్దది చేసినా తెలియదు. అంచు చుట్టూ రేకు నొక్కిన గుర్తు కాగితం మీద చిన్న గట్టులా కనిపిస్తుంది. ఆ గట్టు కోసమైనా అసలు ప్రింటు చూడాలి.

4. లేబుల్ చదవడం

చాలామంది పేరు చదివి ఊరుకుంటారు. చిత్రకారుడికి మిగతా నాలుగు ముక్కలే ముఖ్యం.

కొలత: మామూలుగా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాస్తారు. 36 × 24 అంగుళాలంటే నిలువు బొమ్మ. మన దగ్గర తిరగేసి రాసేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఎదురుగా ఉన్న బొమ్మతో పోల్చుకోండి. మీ షోకి రాసేటప్పుడు మాత్రం సరిగ్గా రాయండి. నిలువు బొమ్మకి అడ్డం ఫ్రేము తయారైపోయిన సంగతి నాకు అనుభవమే.

మాధ్యమం: "మిక్స్‌డ్ మీడియా" అని రాసి ఉంటే ఏమేం కలిపారో దగ్గరికెళ్లి కనిపెట్టడం ఒక ఆట. "సెరిగ్రాఫ్" వేరు, "పిగ్మెంట్ ప్రింట్" వేరు. మొదటిది ఒక్కో రంగుని జల్లెడ గుడ్డ బిగించిన ఒక్కో స్క్రీను మీంచి లాగింది, రెండోది ప్రింటరు మీద తీసింది. చిత్రకారుడు చేత్తో అచ్చు తీసిన అసలు ప్రింట్ అయితే పెన్సిలుతో 3/25 లాంటి అంకె ఉంటుంది, మొత్తం ఇరవై ఐదు ప్రతుల్లో ఇది మూడోదని. ఏ/పీ అని ఉంటే చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి.

ధర: కొన్ని చోట్ల గోడ మీదే ఉంటుంది, కొన్ని చోట్ల బల్ల మీద ధరల పట్టీ అడగాలి. అడగడానికి మొహమాటపడకండి, కొనేవాళ్లే అడగాలని లేదు. మన దగ్గర చాలామంది చదరపు అంగుళానికింత అని లెక్క కడతారు. 24 × 36 అంటే 864 చదరపు అంగుళాలు. నలభై రూపాయల చొప్పున వేస్తే 34,560. మీ వయసువాళ్లు, మీకున్నంత అనుభవమున్నవాళ్లు ఏ లెక్కన వేస్తున్నారో నాలుగు షోల ధరల పట్టీలు చూస్తే తెలిసిపోతుంది. ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఆ అంకె మొత్తం చిత్రకారుడి చేతికి రాదు. గ్యాలరీ కమీషన్ చాలా చోట్ల మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఆ మిగిలినదాంట్లోనే కాన్వాసు, రంగులు, ఫ్రేము, టెంపో కిరాయి. నాకిది తెలిసిన రోజు నుంచి "అబ్బో, ఇంత ధరా" అనడం మానేశాను.

ఎర్ర చుక్క: అమ్ముడుపోయిందని. ఓపెనింగ్ మొదలుకాకముందే నాలుగు చుక్కలు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, తెలిసినవాళ్లు ముందే మాట్లాడుకుని ఉంటారు. చుక్కలు ఏ సైజు బొమ్మలకి పడ్డాయో చూడండి. నా నోట్‌బుక్కుల్లో ఎప్పుడు చూసినా చిన్నవాటికే ఎక్కువ. ఫ్లాటు గోడకి ఆరడుగుల కాన్వాసు ఎక్కడ పడుతుంది!

5. చిత్రకారుడితో మాట్లాడటం

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

ఒక షోలో ఓ బొమ్మ ముందు నిలబడి పక్కనున్న మిత్రుడితో, "పచ్చ మరీ ఎక్కువైంది, కూరగాయల కొట్టులా ఉంది" అన్నాను. మా వెనకున్న పెద్దావిడ మెల్లగా, "వాడికి చిన్నప్పట్నుంచీ పచ్చంటేనే ఇష్టం బాబూ" అంది. వాళ్లమ్మ. ఆ రోజు నుంచి హాల్లో ఉన్నంతసేపూ విమర్శ నోట్‌బుక్కులోకే, నోట్లోకి రాదు.

అలాగని అబద్ధం చెప్పక్కర్లేదు. ఇంకో షోలో ఒకావిడ, నాకంటే చిన్నదే, "ఎలా ఉన్నాయి సార్?" అని అడిగింది. నాకు నచ్చలేదు. "ఇంటరెస్టింగ్‌గా ఉన్నాయమ్మా" అన్నాను. ఆవిడ నవ్వేసి, "నచ్చనివాళ్లందరూ ఇదే మాట అంటున్నారు సార్, మీరు పదమూడో మనిషి" అంది. అప్పుడు తేరుకుని, "ఆ మూలనున్న చిన్న బొమ్మలో గోడ మీద తడి మరక ఉంది చూడు, అది నిజంగా తడిగా ఉంది. మిగతావాటిలో నువ్వు అంతసేపు ఆగినట్టు లేవు" అన్నాను. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆవిడ కొత్త బొమ్మ వేసినప్పుడల్లా నాకు ఫొటో పెడుతుంది, నేనూ పెడతాను.

అందుకని పద్ధతి ఏమిటంటే, షో మొత్తం మీద తీర్పు చెప్పకండి. ఒక్క బొమ్మలో ఒక్క చోటు చూపించి దాని గురించి మాట్లాడండి. "ఇక్కడ అంచు వదిలేశారు కదా, ముందే అనుకున్నారా, లేక వేస్తుంటే అలా కుదిరిందా?" ఇలాంటి ప్రశ్నకి ఎంతటి పెద్ద చిత్రకారుడైనా ఆగి జవాబు చెప్తాడు. "మీకు స్ఫూర్తి ఎవరు?" అంటే పత్రికలవాళ్లకి చెప్పిందే మీకూ చెప్తాడు.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే జంకు ఉంటుంది. సీనియర్లు ఓపెనింగుల్లో ఓ మూల కుర్చీలో కూర్చుని ఉంటారు. నమస్కారం పెట్టి, పేరు, ఊరు, ఎక్కడ చదువుకున్నారో చెప్పి, ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా విని వచ్చేయండి. సెల్ఫీ మాటెత్తకండి, వాళ్లంతట వాళ్లు అంటే తప్ప. ఊరి పేరు చెప్పడం మర్చిపోకండి. "నల్లగొండా? ఏ ఊరు బిడ్డా మీది?" అన్న మాట దగ్గర మొదలై, ఒక పెద్దాయన నాకు గంటసేపు గేదెల బొమ్మలు గీయడం గురించి చెప్పాడు, కాఫీ కప్పు కింద పెట్టే కాగితం మీద గీసి మరీ. ఆ కాగితం ఇంకా ఉంది నా దగ్గర.

6. గ్యాలరీ వాళ్లతో

ఆ సాయంత్రం వాళ్ల దృష్టంతా ఆ చిత్రకారుడి మీదా, కొనేవాళ్ల మీదా ఉండాలి. రేపు మీ షో అయినా అలాగే ఉండాలని మీరు కోరుకుంటారు. కాబట్టి ఫోను జేబులోనే ఉంచండి. వచ్చినట్టు పుస్తకంలో పేరు రాసి, ఒక నమస్కారం, "షో బాగా సర్దారండీ", అంతే. అది కూడా నిజంగా అనిపిస్తేనే.

మీ బొమ్మలు చూపించాలంటే వారం రోజులాగి మెయిల్ రాయండి. అందులో మీరు చూసిన షో గురించి రెండు వాక్యాలు, మీ బొమ్మలు ఎనిమిదో పదో, నలభై రెండు కాదు. ఒకే వరసలో వేసినవి, ప్రతిదానికీ కొలత, మాధ్యమం, సంవత్సరం. ఆ గ్యాలరీ ఎలాంటి బొమ్మలు పెడుతుందో ఓ నాలుగు షోలు చూశాకే పంపండి. ఆబ్‌స్ట్రాక్ట్, అంటే రూపాలు లేని బొమ్మలు, తప్ప పెట్టనిచోటికి నా ఎడ్లబండ్లు పంపించి జవాబు రాలేదని రెండేళ్లు అలిగాను నేను.

7. సమోసా బల్ల

నవ్వకండి, అసలు కబుర్లన్నీ ఇక్కడే. ఏ ఊళ్లో చిత్రకారుల క్యాంపు పెడుతున్నారు, ఎవరి దగ్గర ఎచింగ్ ప్రెస్సు ఖాళీగా ఉంది, కాన్వాసు రోలు ఎక్కడ చవక, ఏ ఫ్రేములాయన చెప్పిన రోజుకి ఇస్తాడు, అన్నీ తెలుస్తాయి. ప్లేటు పట్టుకుని బొమ్మల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. చట్నీ మరక ఆయిల్ పెయింట్ మీంచి పోదు.

8. రెండోసారి, ఒక్కరే

పనిరోజు మధ్యాహ్నం వెళ్లండి. వెళ్లే ముందు టైము కనుక్కోండి, సెలవు రోజు ఒక్కోచోట ఒక్కోటి. హాల్లో మీరూ, కుర్చీలో కునుకు తీస్తున్న కాపలా ఆయనా తప్ప ఎవరూ ఉండరు.

ఇప్పుడు ఒక్క బొమ్మ ముందు పావుగంట నిలబడండి. వాచీ చూసుకునే నిలబడండి. మూడో నిమిషానికి విసుగొస్తుంది, ఏడో నిమిషానికి మొదట కనపడనివి కనపడతాయి. పెన్సిలుతో నోట్‌బుక్కులో ఆ బొమ్మ కట్టుబడి మాత్రం గీసుకోండి: ముదురు ఎక్కడ, లేత ఎక్కడ, కన్ను ఎటు నుంచి ఎటు పోతుంది. అగ్గిపెట్టె సైజు చాలు.

తర్వాత బొమ్మల్ని వదిలేసి గోడ చూడండి. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా పెట్టడం గ్యాలరీల్లో అలవాటు. టేపు తియ్యక్కర్లేదు, నేల నుంచి మీ కంటి ఎత్తు ఎంతో ఇంట్లో కొలిచి గుర్తుపెట్టుకుంటే చాలు. మీ ఇంట్లో, ఆఫీసుల్లో బొమ్మలు ఎంత పైన వేలాడుతున్నాయో అప్పుడు తెలుస్తుంది, పటాలు పైన వరసగా తగిలించే అలవాటు మనది. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎంత వదిలారు, పెద్దదాని పక్కన ఏం పెట్టారు, మూలలో ఏం పెట్టారు, గుమ్మంలోంచి అడుగు పెట్టగానే ఎదురయ్యేది ఏది, అన్నీ ఓ ప్లానులా గీసుకోండి.

లైటు చూడండి. స్పాట్ లైటు పైనుంచి ఏటవాలుగా, సుమారు ముప్పై డిగ్రీల్లో పడితే అద్దంలో మన ముఖం కనపడదు. నేరుగా పడితే బొమ్మకి బదులు మనమే కనిపిస్తాం. నేను ఏళ్ల తరబడి ఇంట్లో తెల్ల ట్యూబులైటు కింద వేశాను. మొదటి గ్రూప్ షోలో పసుపు స్పాట్ లైటు కింద పెట్టేసరికి నా నీలాలన్నీ బూడిద రంగుకి తిరిగాయి. ఎవరి పక్కనో నిలబడి అది నా బొమ్మ కాదన్నట్టు చూశాను. ఇప్పుడు వేసేటప్పుడే చిన్న పసుపు బల్బు కింద ఓసారి పెట్టి చూసుకుంటాను.

కాపలా ఆయన్ని పలకరించడం మర్చిపోకండి. జనం ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు ఆగుతున్నారో ఆయనకి తెలిసినంత, షోకి బొమ్మలు ఎంచి సర్దిన క్యూరేటరుకి తెలియదు.

9. ఇంటికొచ్చాక

అదే రాత్రి పది వరసలు రాసుకోండి, నచ్చనిదాని గురించి ఆరు, నచ్చినదాని గురించి నాలుగు. నచ్చనిదాని గురించి రాయడం కష్టం, అందుకే ఎక్కువ రాయాలి. "బాలేదు" అని రాసి ఊరుకుంటే లాభం లేదు, ఏ చోట తప్పిందో, మీరైతే ఏం చేసేవాళ్లో రాయాలి. నా పాత నోట్‌బుక్కుల్లో నేను ఎవర్ని ఏ తప్పుకి తిట్టానో, మరో రెండేళ్లకి అదే తప్పు నేనూ చేసినట్టు కనిపిస్తుంటుంది.

ఫొటోలు నలుగురికీ పంచేటప్పుడు చిత్రకారుడి పేరు, షో పేరు, ఎప్పటిదాకా ఉందో రాయండి. బొమ్మ ముందు నిలబడి మీ ఫొటో పెట్టుకుంటే పెట్టుకోండి, బొమ్మ సగం మీ వెనక దాక్కోకుండా చూసుకోండి.

10. ఆఖరి రోజు

ఎవరూ వెళ్లనిది ఈ రోజే. సాయంత్రం షో మూసి బొమ్మలు దింపుతారు. ముందే చిత్రకారుడిని, "దింపేటప్పుడు ఓ చెయ్యి వెయ్యనా?" అని అడగండి. ఇంతవరకూ నాకు వద్దన్నవాళ్లు లేరు.

ఓపెనింగ్‌లో కనిపించని సగం అప్పుడు కనిపిస్తుంది, అంటే బొమ్మ వెనక. కాన్వాసు బిగించిన చట్రం (స్ట్రెచర్) ఏ చెక్క, మూలలు ఎలా బిగించారు, కాన్వాసు ఎంత మడిచి పిన్నులు కొట్టారు, తగిలించే తీగ ఎక్కడ కట్టారు, పేరూ సంవత్సరమూ ఎలా రాశారు, అన్నీ చూడొచ్చు. కాగితం మీద వేసిన బొమ్మని ఫ్రేములోంచి తీస్తే వెనక ఏ అట్ట వాడారో తెలుస్తుంది. మామూలు అట్ట అయితే కొన్నేళ్లకి కాగితం పసుపు తిరుగుతుంది, ఆమ్లం లేని అట్ట అడిగి తెచ్చుకోవాలి. ఇద్దరు మోసేటప్పుడు అడుగున ఓ చెయ్యి, పక్కన ఓ చెయ్యి పెట్టాలి, పైనున్న పట్టీ పట్టుకుని ఎత్తకూడదు. పెయింట్ మీద నేరుగా బబుల్ రేపర్ చుడితే ఎండకి బుడగల గుర్తులు అచ్చు పడతాయి, మధ్యలో పలచటి కాగితం వెయ్యాలి. టెంపోలో నిలువుగా, ముఖాలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో థర్మాకోల్ ఉంచాలి.

ఆ పని చేస్తూ చిత్రకారుడు మాట్లాడే మాటలు ఓపెనింగ్‌లో మాట్లాడడు. ఏది అమ్ముడుపోయిందో, ఏది తిరిగి ఇంటికెళ్తోందో, తర్వాత ఏం వెయ్యాలనుకుంటున్నాడో చెప్తాడు. వెళ్లేటప్పుడు సంచిలో ఒక కట్టరు, రెండు టేపు చుట్టలు వేసుకెళ్లండి. ఏ షోలో చూసినా ఆ టైముకి ఆ రెండే దొరకవు.